యలమంద కాలికి పూచీ ఎవరిది

యలమంద నా ఇంటి కప్పు మీంచి పడింది ఆదివారం నాడు. సోమవారం పడి ఉంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. అందరూ అయ్యో పాపం అనేవారు, మేస్త్రీ తన పూచీ తాను చూసుకునేవాడు, నేను నాలుగు కేకలేసి ఊరుకునేదాన్ని. ఆదివారం పడ్డాడు కాబట్టి, ఆదివారం పని ముట్టకూడదనే క్రైస్తవ సంఘంలో మేమంతా ఉన్నాం కాబట్టి, ఒకేసారి మూడు నోళ్ళు మూతబడ్డాయి. అందులో ఒకటి నాది. నా నోరు మూతబడిందంటే బందరులో ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

నా పేరు కృపావతి. అప్పటికి ఆడపిల్లల బడిలో ఇరవై ఆరేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, ఇల్లు కట్టుకున్నానుగా అంటాను. ఇనుగుదురుపేటలో కింద రెండు గదులు, పైన ఒక గది, ఆ పైన బెంగుళూరు పెంకుల కప్పు. అందులో ప్రతి పెంకూ నా జీతంలోంచి వచ్చిందే. ఇకపోతే నాకు కోపం ఎక్కువని పేరుంది. ఆ పేరు ఊరికే రాలేదు, చాలా ఏళ్ళు కష్టపడి తెచ్చుకున్నాను.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిది మే నెలలో కప్పు బాగుచేయించాలనుకున్నాను. అంతకుముందు ఏడాది వర్షాలకి పై గదిలో మూడు చోట్ల కురిసింది. రెండు వాసాలు పుచ్చిపోయాయి. పని బాబూరావు మేస్త్రీకి గుత్తకిచ్చాను. గుత్త అంటే మొత్తం పని ఇంతకని మాట్లాడుకోవడం, ఆ తర్వాత సామానూ మనుషులూ అన్నీ మేస్త్రీవే. బాబూరావు మా సంఘ పెద్దల్లో ఒకడు. ఆదివారం గుళ్ళో కానుక పళ్ళెం పట్టుకుని బెంచీల మధ్య నడిచేది ఆయనే. మంచి పనివాడు, మాట మెత్తన.

"మీ మనుషుల్లో ఎవరైనా పడితే పూచీ ఎవరిది?" అని ముందే అడిగాను.

"నాదేనండీ. ఇంకెవరిదవుద్ది?"

"అయితే ఆ ముక్క కాగితం మీద రాసివ్వండి."

ఆయన ముఖం చిన్నబోయింది. "పాతికేళ్ళబట్టీ ఒకే గుళ్ళో కూర్చుంటున్నాం పంతులమ్మగారూ. మన మధ్య కాగితాలేంటండీ. కాగితం అడిగారంటే నా మాట మీద నమ్మకం లేనట్టేగా."

మా వాళ్ళ దగ్గర ఉన్న జబ్బే ఇది. బయటివాడితో అయితే స్టాంపు కాగితం, సాక్షులు, వేలిముద్రలు అన్నీ కావాలి. సంఘంవాడితో కాగితం అంటే తిట్టినట్టు. లెక్క నోటితో చెబితే ఒప్పుకోకుండా బోర్డు మీద చేసి చూపించమనే దాన్ని, ఆ రోజు నోటి మాటకి తల ఊపేశాను. ఒక్క షరతు మాత్రం పెట్టాను. ఆదివారం నా ఇంటి మీద సుత్తి చప్పుడు వినబడకూడదన్నాను. ఆ మాట నలుగురూ వినేలా గట్టిగానే అన్నాను. దాన్ని భక్తి అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే సగం గొప్పే.

జూన్ మొదటి శనివారం సాయంత్రానికి తూర్పు వైపు పెంకులన్నీ విప్పేశారు. నలుగురు పనివాళ్ళలో పెంకుల మీద పిల్లిలా నడవగలిగినవాడు యలమంద ఒక్కడే. నలభై ఏళ్ళుంటాయి, బక్కమనిషి. అతనూ మా సంఘంవాడే. ఒకప్పుడు కల్లు తాగేవాడు. అందుకు రెండేళ్ళు ప్రభువు బల్లకి దూరంగా పెట్టారు. అంటే నెలకోసారి అందరూ ముందుకెళ్ళి రొట్టె తీసుకునేటప్పుడు అతనొక్కడూ వెనక బెంచీలో కూర్చునే ఉండాలి. ఆ రెండేళ్ళూ అతని భార్య ఎస్తేరు లేచి వెళ్తూ ఒకసారి వెనక్కి చూసేది. అందరం చూశాం. అతను తాగుడు మానాడు, ఆ ఈస్టరుకే మళ్ళీ బల్లకి రానిచ్చారు.

ఆదివారం గుడి నుంచి వచ్చి అన్నం తిన్నాను. రెండు దాటిందో లేదో వెలుతురు తగ్గిపోయింది. కిటికీలోంచి చూస్తే మంగినపూడి సముద్రం వైపు ఆకాశం నల్లగా కమ్ముకొస్తోంది. పై గదిలో మంచం, పరుపు, ఇరవై ఆరేళ్ళుగా కొన్న పుస్తకాల బీరువా ఉన్నాయి. పైన సగం కప్పు లేదు.

గేటు చప్పుడైంది. యలమంద, నెత్తిన తాటాకు చాపల కట్టతో నిలబడ్డాడు.

"మేస్త్రీగారు పంపారమ్మగారూ. వాన పడేలోగా ఈ చాపలు పరిచి రమ్మన్నారు. చప్పుడు చెయ్యన్లెండి, తాళ్ళతో కట్టేసి పోతా."

ఆదివారం వద్దు, వెళ్ళిపో అనాలి నేను. బళ్ళో పిల్లలకి ఆదివారం ఎలా గడపాలో అరగంట చొప్పున చెప్పే మనిషిని. ఆకాశం వైపు చూశాను. "త్వరగా కానీ" అన్నాను. అనడమే కాదు, నిచ్చెన నేనే పట్టుకున్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. అరగంటలో చాలావరకు కప్పేసి, "ఇక దిగుతానమ్మా, ఆ మూల వాసం పుచ్చింది, అటు పోవద్దన్నారు మేస్త్రీగారు" అన్నాడు. సరిగ్గా ఆ మూల కిందే నా పుస్తకాల బీరువా.

"చెయ్యి చాపితే అందుతుంది కదా, అదీ కప్పెయ్యి" అన్నాను.

నేను ఆ గొంతుతో చెబితే మా పేటలో ఎవరూ ఎదురు చెప్పరు. అతను చాప తీసుకుని ఆ మూలకి జరిగాడు. వాసం విరిగిన చప్పుడు వినిపించింది. కప్పు అంచు మీంచి జారి, మేడ ఎత్తు నుంచి వచ్చి పెరట్లో రోలు పక్కన పడ్డాడు. కుడి కాలు తొడ దగ్గర ఉండకూడని వైపుకి తిరిగి ఉంది. అతను అరవలేదు. అరిచింది నేనే.

రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే వాన మొదలైంది. అతని తల నా ఒళ్ళో ఉంది. పళ్ళు బిగబట్టి మాట్లాడాడు.

"అమ్మగారూ, ఆదివారం పని చేశానని గుళ్ళో అయ్యగారికి తెలీనివ్వొద్దండి. మళ్ళీ దూరం పెడతారు. తాపీ మర్చిపోయి తెచ్చుకుందామని నేనే ఎక్కానని చెబుతా. మీరూ అదే చెప్పండి."

"సరే" అన్నాను. దెబ్బ తిన్న మనిషి అడిగాడు కాబట్టి జాలితో ఒప్పుకున్నాననుకున్నాను. రిక్షా ఇంకో వీధి తిరిగేసరికి తెలిసింది, నాకూ అదే కావాలని.

సాయంత్రం మత్తయి అయ్యగారు ఆసుపత్రికి వచ్చారు. ఆయన మా గుడి గురువుగారు, అరవై దాటినవారు, కళ్ళద్దాల మీంచి మనిషిని చూస్తారు. యలమంద తాపీ కథ చెప్పాడు. బాబూరావు మంచం అవతల నిలబడి ఉన్నాడు. ఒక్కసారి నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

"ఆదివారం నా మనుషులు పనిలో ఉండరండీ" అన్నాడు ఆయన అయ్యగారితో. ఆ గొంతులో వణుకు కూడా లేదు.

మూడు వారాలు గడిచాయి. నేను ఆసుపత్రికి పళ్ళు పంపించాను, పాలు పంపించాను, నేను మాత్రం వెళ్ళలేదు. జూన్ ఆఖరున ఒక సాయంత్రం ఎస్తేరు మా ఇంటికి వచ్చింది. చిలకలపూడి వైపు పొలాల్లో కూలికి వెళ్ళే మనిషి, ఆ రోజూ పొలం నుంచే వచ్చినట్టుంది, కాళ్ళకి బురద ఆరలేదు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పిండికట్టుతో ఆగేది కాదంటమ్మగారూ. నెలలోపు గుంటూరు తీసుకెళ్ళి ఎముకలో రాడ్డు వేయించాలంట. లేపోతే మూడంగుళాలు పొట్టిగా అతుక్కుపోద్దంట కాలు. ధర్మాసుపత్రే, కానీ రాడ్డు బయట కొనాలి, నెలల తరబడి అక్కడుండాలి. ఆ కాలు పొట్టిదైతే ఆయన మళ్ళీ నిచ్చెన ఎక్కలేడు."

"మేస్త్రీ దగ్గరికి వెళ్ళావా?"

"వెళ్ళా. ఎవరెక్కమన్నారన్నారు. పైసా ఇచ్చినా నేనెక్కించినట్టవుద్దన్నారు. గుమ్మంలోంచి కదలకపోతే, తాగి ఎక్కాడేమో కనుక్కో అన్నారు." ఆ మాట దగ్గర ఆమె కొంగు నడుముకి బిగించింది. "రెండేళ్ళపైనయింది ఆయన కల్లు ముంత మొహం చూసి. మీ ఇంటి మీంచే పడ్డాడు గదా, మీరేం చూళ్ళేదా?"

"కనుక్కుందాంలే" అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు, పిరికి మాట. ఆమె నన్ను కాసేపు చూసి వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. అంతకంటే ముందు బాబూరావు మీద ఒళ్ళు మండిపోయింది. తాగాడంటాడా? తన నోటితో పంపించి, తాగాడంటాడా? ఆ మంట ఒక గంట హాయిగా ఉంది, ఎందుకంటే ఆ గంటసేపు నిచ్చెన ఎవరు పట్టుకున్నారో నాకు గుర్తు రాలేదు.

మా తమ్ముడు విల్సన్ బందరు కోర్టులో ప్లీడరు. మర్నాడు వాడి దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. వాడు పెన్ను మూత పెట్టి పక్కన పెట్టాడు.

"ఇది ఇంకెవరికైనా చెప్పావా అక్కయ్యా?"

"లేదు."

"చెప్పకు."

"పంపింది బాబూరావు. పూచీ నాదన్నాడు."

"కాగితం ఉందా?"

"నోటి మాటే."

"విజయవాడలో పెద్ద కంట్రాక్టర్లు పనివాళ్ళ పేర ఇన్సూరెన్సు కడతారు. మనిషి పడితే కంపెనీవాళ్ళు ఇస్తారు. బాబూరావుకి అలాంటిదేమైనా ఉందా?"

"సైకిలుంది."

"అదీ సంగతి. అతని పేర గజం స్థలం లేదు. ఉన్న ఇల్లు వాళ్ళావిడది. రేపు యలమంద కోర్టుకెక్కాడనుకో, వాళ్ళ ప్లీడరు ముందు చూసేది ఎవరి దగ్గర వసూలవుతుందనే. మేడ నీకుంది. నిచ్చెన పట్టుకున్నది నువ్వు. మేస్త్రీ వద్దన్న మూలకి పంపింది నువ్వు. గుత్తకిచ్చేశాను, నాకేం సంబంధం లేదు అనడానికి నువ్వే దారి లేకుండా చేసుకున్నావు. ఆ రెండు ముక్కలు బయటపడితే ఇల్లు అమ్ముకోవాల్సి రావచ్చు."

"బయటపడకపోతే?"

"తనే ఎక్కాడు, తనే పడ్డాడు. ఎవరికీ పూచీ లేదు."

"మరి కాలు?"

"కాలు అతనిది" అన్నాడు వాడు.

వాడిని చిన్నప్పుడు చంకనెత్తుకుని తిరిగిన దాన్ని. ఆ క్షణాన చెంప పగలగొట్టాలనిపించింది. కానీ వాడు చెప్పిందాంట్లో కొత్తేముంది? మూడు వారాలుగా నేను చేస్తున్న పని ఏదో దానికే వాడు మాటలు పెట్టాడు. లేచి నిలబడ్డాను. నేను లేచి నిలబడే తీరు వాడికి తెలుసు.

"అక్కయ్యా, ఇల్లు" అన్నాడు.

"ఇల్లు నేనే కట్టాను. దాని సంగతి నాకు తెలుసు" అన్నాను.

అక్కణ్ణుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాను. యలమంద సగానికి సగం అయిపోయాడు. ఎముక కుదించుకుపోకుండా లాగి పట్టడానికి కాలికి ఇటుకలు వేలాడదీసి ఉన్నాయి. ఎస్తేరు మంచం పక్కన నేల మీద కూర్చుని గంజి కలుపుతోంది. జరిగింది అయ్యగారికి చెప్పేస్తానన్నాను. యలమంద రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

"వద్దమ్మగారూ. రెండేళ్ళు వెనక బెంచీలో కూర్చున్నా. మళ్ళీ కూర్చోలేను. కాలు పోతే పోయింది."

ఎస్తేరు గిన్నె కింద పెట్టింది. తాపీ కథ అబద్ధమని ఆమెకి అప్పుడే తెలిసింది. మొగుడి ముఖంలోకి చూసింది, నా ముఖంలోకి చూసింది. నన్ను తిట్టవలసిన తిట్లు ఆమె నోట్లో ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. ఒక్కటీ తిట్టలేదు.

"బల్లకి దూరమైతే నెలకో రొట్టె ముక్క పోద్ది. కాలు పోతే కంచమే పోద్ది" అంది అతనితో. "తాగి పడ్డాడని ఊరంతా అనుకుంటంటే వినలేక చస్తన్నా. ఆ మాట నీకు చెప్పలా ఇన్నాళ్ళూ."

తాగి అన్న మాట వినగానే యలమంద కళ్ళు మూసుకున్నాడు. "మీ సంగతి మీరు చెప్పుకోండమ్మగారూ. మేస్త్రీగారి పేరు మాత్రం నా నోటితో రాదు. పనిచ్చే మనిషి" అన్నాడు.

"నా నోటితో కూడా రాదులే" అన్నాను. అప్పటికే నాకు ఒక ఆలోచన వచ్చింది. ఎస్తేరుని వరండాలోకి పిలిచి నేను చేయబోయేది చెప్పాను. ఆమె విని, "ఆ చాపలు ఎలా ఉన్నాయమ్మగారూ?" అని ఒక్క ప్రశ్న అడిగింది. చెప్పాను. ఇంకేం అడగలేదు.

జూలై మొదటి ఆదివారం ప్రభువు బల్ల. మా గుళ్ళో ఒక అలవాటుంది. రొట్టె విరిచే ముందు అయ్యగారు సంఘం వైపు తిరిగి, ఎవరికైనా ఎవరి మీదైనా మనసులో ఏమైనా ఉంటే ఇప్పుడే తేల్చుకోండి, అలా పెట్టుకుని బల్ల దగ్గరికి రావద్దు అంటారు. అని, పది లెక్కపెట్టేంతసేపు ఆగుతారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పది లెక్కల్లో ఎవరూ నోరు విప్పిన పాపాన పోలేదు. దగ్గుకునేవాళ్ళు దగ్గుకుంటారు, అంతే.

ఆ ఆదివారం అయ్యగారు నాలుగు దాకా లెక్కపెట్టి ఉంటారు. నేను లేచి నిలబడ్డాను.

"నాకు ఎవరి మీదా ఏమీ లేదండీ. నా మీదే ఉంది" అన్నాను. నా గొంతు బళ్ళో మూడు తరగతులకి వినిపించే గొంతు. ఆ రోజు మాత్రం ముందున్న బెంచీ పట్టుకుని నిలబడ్డాను, ఆ సంగతి దాచుకోను. "యలమంద తాపీ కోసం ఎక్కలేదు. వాన వస్తుందని నా ఇల్లు కప్పడానికి ఆదివారం పూట ఎక్కాడు. నిచ్చెన నేను పట్టుకున్నాను. పుచ్చిన వాసం మీదికి పోనంటే నేనే పంపాను, నా పుస్తకాలు తడుస్తాయని. అతను మిమ్మల్ని చూసి భయపడి దాచాడు. నేను నా ఇల్లు పోతుందని దాచాను. అతని కాలికి పూచీ నాది. ఈ మాట కోర్టులో కూడా చెబుతాను. బల్ల దగ్గరికి నేను రాను."

మగవాళ్ళ వైపు విల్సన్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

బాబూరావు ముందు బెంచీలో, పెద్దల పక్కన కూర్చుని ఉన్నాడు. నేను అతని పేరు ఎత్తలేదు. ఎత్తుతానేమోనని అతని మెడ బిగుసుకుపోయింది, ఎత్తకపోయేసరికి ఇంకా బిగుసుకుపోయింది.

అప్పుడు ఎస్తేరు లేచింది. ఆడవాళ్ళ వైపు నుంచి నడవ దాటి మగవాళ్ళ వైపు వెళ్ళింది. మా గుళ్ళో అలా ఏ ఆడమనిషీ వెళ్ళగా చూడలేదు. బాబూరావు ముందు నిలబడింది. అరవలేదు, ఏడవలేదు.

"పంతులమ్మగారు ఆవిడ సంగతి చెప్పుకున్నారు. నేనొకటి అడుగుతా చెప్పండి మేస్త్రీగారూ. ఆ రోజు కప్పు మీద పరిచిన చాపలు కొత్త తాటాకు చాపలు. మా ఇంట్లో చాపల్లేవు, పంతులమ్మగారింట్లోనూ లేవు. మీ సామాను కొట్లోవి అవి. ఆ కొట్టు తాళంచెవి మీ మొలతాడుకే ఉంటదని మీ దగ్గర పనిచేసినోళ్ళందరికీ తెలుసు. స్నానానికి పోయినా తియ్యరు మీరు. ఆదివారం నాడు కొట్టు ఎవరు తీశారండీ?"

ఎస్తేరు అంత తెలివైనదని నాకు తెలీదు. ఇరవై ఆరేళ్ళు లెక్కలు చెప్పిన దాన్ని, చాపల సంగతి నాకు తట్టలేదు.

బాబూరావు చెయ్యి దానంతటదే నడుం దగ్గరికి వెళ్ళింది. గుడి గుడంతా ఆ చేతినే చూసింది. తాళంచెవి అక్కడే ఉంది.

ఆయన లేచి నిలబడ్డాడు. "నేనే తీశా" అన్నాడు. మొదటిసారి ఎవరికీ సరిగ్గా వినపడలేదు, మళ్ళీ చెప్పాడు. "నేనే తీశానండీ. చాపలు నేనే ఎత్తా. పెంకులు విప్పింది నేను, ఇల్లు తడిస్తే మాట నాకొస్తదని పంపా. పడ్డాడని తెలిశాక, ఆదివారం పంపానంటే ఈ బెంచీలో కూర్చోనివ్వరని నోరు మూసుకున్నా. తాగాడన్న మాట…" అక్కడ ఆగిపోయాడు. ఎస్తేరు అక్కడే నిలబడి ఉంది, ఆ మాట పూర్తయ్యేదాకా కదిలేలా లేదు. "ఆ మాట అబద్ధమమ్మా. అతను తాగలేదు. నేను అనకూడని మాట అన్నా."

"ఇది అందరూ విన్నారుగా" అంది ఎస్తేరు, సంఘం వైపు తిరిగి. తిరిగి వెళ్ళి తన చోట కూర్చుంది. అప్పుడు ఏడ్చింది.

నాకా, ఎగిరి గంతెయ్యాలనిపించింది. గుడి కాబట్టి ఊరుకున్నాను. నాలుగు వారాలుగా మెడలో వేలాడుతున్న రాయి ఊడిపడింది. ఇల్లు ఉంటుందో పోతుందో తెలీదు, అయినా అంత హాయి నాకు ఇల్లు కట్టిన రోజున కూడా లేదు.

మత్తయి అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "యలమంద తనంతట తాను ఎక్కలేదు. పంపితే ఎక్కాడు. అతని మీద సంఘం మోపే తప్పేమీ లేదు" అన్నారు. తర్వాత నా వైపూ బాబూరావు వైపూ చూశారు. "పంపినవాళ్ళు ఇద్దరు. యలమంద తన కాళ్ళ మీద ఈ గుళ్ళోకి నడిచొచ్చి, ఈ బల్ల దగ్గర మోకరించేదాకా మీరిద్దరూ బల్ల దగ్గరికి రాకూడదు. త్వరగా రావాలనుంటే అతన్ని త్వరగా నడిపించండి."

అలాంటి తీర్పు ఏ కోర్టులోనూ వినలేదని విల్సన్ తర్వాత అన్నాడు. వాడే సోమవారం ఆసుపత్రి వరండాలో కాగితం రాశాడు. గుంటూరు ఖర్చు, రాడ్డు, యలమంద మళ్ళీ పనిలోకి ఎక్కేదాకా ఇంటి తిండి, అన్నీ మేస్త్రీది సగం, ఇంటామెది సగం. బాబూరావు సంతకం పెట్టాడు, నేను పెట్టాను, యలమంద వేలిముద్ర వేశాడు. వేలు తుడుచుకుంటూ, "అయితే నన్ను దూరం పెట్టలేదా అమ్మగారూ?" అని అడిగాడు. లేదని ఎస్తేరు అప్పటికే పదిసార్లు చెప్పి ఉంటుంది. అయినా నా నోటితో వినాలనుకున్నాడు.

"నిన్ను కాదు. నన్ను పెట్టారు" అన్నాను. అతను నవ్వాపుకోవడానికి చాలా కష్టపడ్డాడు. నేను కోప్పడలేదు.

ఇల్లు అమ్మలేదు. కప్పుకని దాచిన డబ్బు గుంటూరు వెళ్ళింది, అంతే. ఆ వర్షాకాలమంతా పై గది మీద చాపలే. పుస్తకాలన్నీ కిందికి చేర్చి, వాటి మధ్య ఇరుక్కుని పడుకున్నాను. బాబూరావు సైకిలు అమ్మి, మిగతాదానికి అప్పు చేసి, పనికి నడిచి వెళ్ళేవాడు. పది రోజులకోసారి ఇద్దరం బందరు స్టేషన్లో ఒకే రైలెక్కి గుంటూరు వెళ్ళి యలమందని చూసొచ్చేవాళ్ళం. మొదట్లో ఒకరితో ఒకరం మాట్లాడలేదు. గుడ్లవల్లేరు దాటేదాకా నేను కిటికీలోంచి చూసేదాన్ని, ఆయన ఎదుటి కిటికీలోంచి చూసేవాడు. ఆగస్టులో ఒకసారి ఆయనే కదిపాడు. "విజయవాడలో దిగి విల్సన్ గారు చెప్పిన ఆ ఇన్సూరెన్సు సంగతి కనుక్కొస్తానండీ. మనుషుల్ని పైకెక్కించి కింద నిద్రపోలేకపోతన్నా" అన్నాడు. నిజంగానే దిగాడు. నలుగురు మనుషులకీ కట్టాడు. మా పేటలో ఆడవాళ్ళు అప్పటికే ఒక పద్ధతి మొదలుపెట్టారు. ఏ మేస్త్రీ వచ్చినా, మనిషి పడితే పూచీ ఎవరిదో కాగితం మీద రాయందే నిచ్చెన గోడకి ఆననివ్వరు. సంఘంవాడైనా సరే, సొంత బావైనా సరే. ఎవరూ ముఖం చిన్నబుచ్చుకోవడం లేదు.

నెలనెలా బల్ల వచ్చేది. అందరూ లేచి ముందుకెళ్తే వెనక బెంచీలో ఇటు నేను, అటు బాబూరావు. పిల్లలు తలలు తిప్పి చూసేవారు. నా దగ్గర చదువుకున్న పిల్లలే. వెనక బెంచీలోంచి గుడి ఎంత పొడుగ్గా కనిపిస్తుందో నాకు అప్పుడు తెలిసింది. యలమంద అక్కడ రెండేళ్ళు కూర్చున్నాడు. నేను మూడు నెలలకే ఉక్కిరిబిక్కిరయ్యాను.

అక్టోబరులో అతన్ని బందరు తీసుకొచ్చాం. కాలు అతుక్కుంది. పొడుగు సరిపోయింది. డాక్టరుగారు టేపు పెట్టి కొలిచి చూపించారు, నేను మళ్ళీ అడిగి ఇంకోసారి కొలిపించాను. నవంబరులో ప్రతి సాయంత్రం బడి అయ్యాక వాళ్ళింటికి వెళ్ళి అతన్ని నడిపించేదాన్ని. "ఇంకో పది అడుగులు" అంటే, "అమ్మగారూ, మీరు బల్ల కోసం తొందరపడుతున్నారు" అనేవాడు. "అవును, తొందరే. నడువు" అనేదాన్ని.

డిసెంబరు మొదటి ఆదివారం గుడి నిండిపోయింది. మామూలుగా రానివాళ్ళు కూడా వచ్చారు. పాట పాడుతుండగా తలుపు దగ్గర యలమంద కనిపించాడు. ఎస్తేరు పక్కనే ఉంది, కానీ చెయ్యి పట్టుకోలేదు. కర్ర లేదు. పాట ఎవరూ ఆపమనకుండానే ఆగిపోయింది. అతను నడవలో నడిచాడు. ఒక్కో అడుగూ వేసి, చూసుకుని, ఇంకోటి వేశాడు. మా వెనక బెంచీ దాటేటప్పుడు ఆగాడు.

"రండి" అన్నాడు. నాతో ఒకసారి, బాబూరావుతో ఒకసారి.

మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు వెనక అన్న వరస ఆ రోజు అయ్యగారు పట్టించుకోలేదు. యలమంద ముందు, అతని వెనక నేను, నా వెనక బాబూరావు వెళ్ళాం. బాబూరావు బాహాటంగా ఏడుస్తున్నాడు. నేను కూడా ఏడ్చాను, ఎవరు చూస్తే నాకేం అనిపించింది. బల్ల దగ్గర యలమంద మంచి కాలు వంచి, తర్వాత రాడ్డు వేసిన కాలు మెల్లిగా వంచడం మొదలుపెట్టాడు. అది వంగడానికి చాలాసేపు పట్టింది. అయ్యగారు రొట్టె చేత్తో పట్టుకుని ఆగారు. వెనక గుడంతా నిలబడి ఉంది. అతని మోకాలు నేలకి ఆనేదాకా మేమిద్దరం నిలబడే ఉన్నాం, ఆ తర్వాతే మోకరించాం.